బొట్టుబొట్టు మాస్టారు

అనంతరామయ్య మాస్టారు ఏదీ ఒక్కసారిగా ఇచ్చే మనిషి కాదు, చివరికి జవాబైనా సరే.

"భోంచేశారా మాస్టారూ?" అంటే "ఆఁ" అంటారు. రెండు బీకర్లు కడిగి బోర్లించాక "వంకాయ కూర" అంటారు. సాయంత్రం ల్యాబుకు తాళం వేస్తూ "ఉప్పు తగ్గింది" అని ముగిస్తారు.

ఆటో ఎక్కినా అంతే. "సీధా చలో భయ్యా," అన్నారొకసారి. మలుపు దాటిపోతుండగా, "బాయే," అని ఎడమకు చెయ్యి చూపించారు. మూడో మలుపులో ఆటోవాడు బండి ఆపి చేతులు జోడించాడు. "బాబూజీ, పూరా పతా బోలో," అని పూర్తి చిరునామా అడిగాడు. పక్కనున్న శిష్యురాలు సరళకుమారే బేర్ సరాయ్ అని పేట పేరు చెప్పింది.

"ముందే చెబితే వాడు తొందరపడతాడమ్మాయ్," అన్నారు మాస్టారు.

సరళ బాపట్ల నుంచి దేశ రాజధానికి పరిశోధనకు వచ్చింది. అది ఎనభై మూడో సంవత్సరం. గాజుపలక మీద కాడ్మియం సల్ఫైడ్ పలచటి పొర పెంచడం ఆమె పని. అమోనియా ఘాటుకు కళ్లు మండుతాయని కాస్తే పోసేది. ద్రావణం క్షణంలో పచ్చబడి, పొడంతా అడుక్కి చేరేది. పలకకు అంటుకున్నదీ కడిగితే ఊడిపోయేది.

తల్లిలేని ఆమెను పెంచిన అక్క దయావతి పల్లెటూరి ఆసుపత్రిలో నర్సు. వారానికొకటి రాసిన ఉత్తరాలన్నీ నెలకోసారి బాపట్ల చర్చికి వచ్చినప్పుడు ఒకేసారి పోస్టు చేసేది. అవి ల్యాబు చిరునామాకు వచ్చేవి. సరళ నాలుగూ ఒక్క గుక్కలో చదివేసి, మిగతా నెలంతా ఖాళీ చేతులతో కూర్చునేది.

"నేను వెళ్లిపోతాను మాస్టారూ. పొరా నిలవదు, నేనూ నిలవను."

"అన్నీ ఒకేసారి చదివేశావా?"

"ఆగలేకపోయాను."

ఆయన అమోనియా సీసా ముందుకు జరిపారు. "కాడ్మియాన్ని పట్టుకుని కొంచెం కొంచెం వదిలేది ఇదే. అప్పుడే పొర గాజును పట్టుకుంటుంది. నువ్వు పట్టుకునేవాణ్ణే పొయ్యడం లేదు."

ఈసారి సరళ కళ్లు తుడుచుకుంటూ సరిపడా పోసింది. ఆ నెల నుంచి అక్కకూ బుద్ధొచ్చినట్టుంది. ఆఫీసు నుంచి మాస్టారు తెచ్చే టపాలో శనివారం శనివారం ఒక్కో ఉత్తరం. పెరట్లో జామకాయల కబురొక వారం, ప్రార్థనలో తన పేరు చెప్పిన కబురు మరో వారం. పొర కడిగినా ఊడలేదు. సరళా ఊరెళ్లే మాట ఎత్తలేదు.

ఫిబ్రవరిలో ఉత్తరాలు సర్దుతుంటే తపాలా ముద్రలు కనిపించాయి. జనవరిలో వారానికొకటిగా అందిన నాలుగింటి మీదా ఒకటే తేదీ.

"మాస్టారూ, అక్క ఉత్తరాలు మీ దగ్గర ఇంకా ఉన్నాయా?"

"ఆఁ."

రెండు బీకర్లు కడిగేదాకా ఆమె ఆగింది.

"రెండు," అన్నారు.

సరళ చెయ్యి చాపింది. మళ్లీ వెనక్కి తీసుకుంది.

"శనివారమే ఇవ్వండి."

సాయంత్రం తాళం వేస్తూ మాస్టారు అన్నారు: "ఒకటి బరువుగా ఉంది."