ముప్పై దాటని ముల్లు

బావ పరంజా మీది నుంచి పడినప్పుడు పోయినవి ఇవి: కుడి మోకాలు, రెండు పళ్ళు, పెళ్ళిలో పెట్టిన చేతి గడియారం, ఐదు నెలల కూలి, ఆ ఐదు నెలల్లో అమ్ముకున్న అక్క గాజులు నాలుగు, ఎత్తున నిలబడి కార్నీసులు తీర్చే పని. మిగిలింది బావ. ఆ ఒక్కటి ఇటువైపు వేసుకుంటే అటువైపువన్నీ తేలిపోతాయని అక్కకు తెలుసు. అందుకే ఎవరి ముందూ ఏడవలేదు.

బొంబాయి కామాఠిపురాలో, ఫాక్‌లాండ్ రోడ్డు వైపు తెరుచుకునే ఒక వరస గదుల చాల్‌లో, మూడో అంతస్తు గదిలో మేము ముగ్గురం ఉండేవాళ్ళం. అమ్మ పోయాక అక్కే నన్ను పెంచింది. ఏడో తరగతితో నా చదువు ఆగితే బావ తన వెంట పనికి తీసుకుపోయాడు. గోడకు ఎన్ని ఇటుకలు పడతాయో, ఎన్ని తట్టల ఇసుకకు ఒక బస్తా సిమెంటో ఆయన నోటితో చెప్పేవాడు, నేను బొగ్గుముక్కతో గోడ మీద వేసి చూసుకునేవాణ్ణి. నా లెక్కలకు వేరే బడి లేదు.

ఎముక అతికింది గానీ మోకాలు వంగడం మానేసింది. వంగని కాలితో గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో లోకల్ రైలు ఎక్కడం ఎలాగో ప్రయత్నించి చూశాం. రెండుసార్లూ జనం ఆయనను ప్లాట్‌ఫారం మీదే వదిలేశారు. బావ ఇదివరకు పనిచేసిన సేటు మాత్రం ఒక దారి చూపాడు. ఊరికి ఆ చివర, ఈ చివర ఆయనవి మూడు కట్టడాలు నడుస్తున్నాయి. రోజూ మూడూ తిరిగి ప్లాస్టరింగ్ పని చూసుకునే మనిషి కావాలి. బండి ఉంటే రమ్మన్నాడు. లేకపోతే సొంతూరు మహబూబ్‌నగర్ వెళ్ళిపోవాలి. అక్కడ బావకు పొలం లేదు, అక్కకు పని లేదు. ఇక్కడ నాకు వాళ్ళిద్దరు తప్ప ఎవరూ లేరు.

ఫోరస్ రోడ్డులో పాత బళ్ళు విప్పి అమ్మే చాచా ఒకాయన ఉండేవాడు. ఆయన కొట్టు వెనక గోడకు ఆనించి ఒక ముసలి మోటార్‌సైకిల్ ఉంది. ముందు చక్రం లేదు, సీటు లేదు, టాంకీ తుప్పుపట్టి చిల్లులు పడింది. బావ కర్ర ఊనుకుంటూ దాని చుట్టూ తిరిగి ఎడమవైపు ఆగాడు. మామూలుగా కుడివైపు ఉండే కిక్కు దీనికి అటువైపు ఉంది. ఆ రాడ్డునే ముందుకు తిప్పితే గేరు అవుతుంది.

“బామ్మర్దీ, ఇది నా కోసమే పుట్టిందిరా. కుడికాలికి సగం పని లేనే లేదు” అన్నాడు.

మిగిలిన సగం వెనక బ్రేకు. అది కుడి పాదం కింద ఉంటుంది. బావ పాదానికి బలం ఉంది. కానీ కాలు చాపే ఉంటుంది కనుక పెడల్‌ను దాటి ముందుకు పోతుంది. కాలు బ్రేకు దగ్గరకు రాదు కాబట్టి బ్రేకునే కాలి దగ్గరకు తీసుకుపోవాలి. బావను సీటు ఎత్తున్న బల్ల మీద కూర్చోబెట్టి, గోడ నిలువు చూసే తూకపు గుండును ఆయన మడమ నుంచి కిందికి వదిలాను. గుండు ఆగిన చోట నేల మీద సుద్దతో గీత గీశాం. ఆ గీత దాకా పెడల్ రావాలంటే పాత బ్రేకు రాడ్డు పొడవు పద్నాలుగు అంగుళాలు తక్కువైంది. వేరే పెద్ద బండి రాడ్డు ముక్క తెచ్చి అతికించాం. ముందు చక్రం ఇంకో కంపెనీ బండిది. రెండు చక్రాలూ ఒక వరసలో ఉన్నాయో లేవో, ఇటుకల వరస చూసినట్టు దారం లాగి బావే చూశాడు.

“ఇల్లు కడుతున్నారా, బండి కడుతున్నారా?” అని చాచా నవ్వాడు.

“ఏదైనా పడొద్దు గద చాచా. పడుడు ఎట్లుంటదో నాకు తెలుసు” అన్నాడు బావ.

తయారైన బండిని చాల్ ముందుకు తెచ్చి నిలబెట్టాం. కింది గది అవ్వ కళ్ళజోడు సర్దుకుని చూసింది. “ఏందిరా ఇది? టాంకీ ఎర్రది, మడ్‌గార్డు నల్లది, లైటు ఎవనిదో!”

“మన చాల్ లెక్కనే ఉన్నదవ్వా. తలా ఒక ఊరోళ్ళం, కలిసి బతుకుతలేమా?” అన్నాడు బావ.

అక్క మాత్రం నవ్వలేదు. పడ్డ మనిషిని ఐదు నెలలు లేపి కూర్చోబెట్టింది ఆమె. “మీటరు ఏది?” అని అడిగింది.

“మీటరెందుకే? నడుస్తున్నదే గొప్ప.”

“ముల్లు ముప్పై దాటొద్దు. దాటిన దినం బండి అమ్మి బర్రెను కొంట.”

“బర్రెను ఏడ కడ్తవే, మూడో మాళ మీద?”

“నీ కాలు లేదా? వంగని గుంజ.”

చాల్ అంతా నవ్వింది, బావ అందరికంటే గట్టిగా నవ్వాడు. మరునాడు అక్కే చాచా కొట్టుకు వచ్చి మీటర్ల బుట్టలో చేయి పెట్టింది. ఆమెకు అక్షరాలు రావు గానీ బస్సు నంబర్లు చూసి చూసి అంకెలు వచ్చు. వెనక సీటు నుంచి కూడా కనబడేంత పెద్ద అంకెలున్నది ఒకటి ఏరింది.

“అది స్కూటర్‌ది బెహెన్” అన్నాడు చాచా.

“ముల్లు తిరుగుతదా?”

“తిరుగుతది.”

“అయితే ఇదే బిగియ్యి.”

సేటు బండినీ బావనూ చూసి పని ఇచ్చాడు. ఆదివారాలు అక్క వెనక కూర్చునేది. బావ భుజం మీదుగా మెడ చాచి ముల్లునే చూసేది. బావ మాట తప్పలేదు. ముల్లు ముప్పైకి అంటుకుని ఉండేది, దాటేది కాదు.

ఏడాది తర్వాత ఒకరోజు థానే వైపున్న కట్టడం దగ్గరికి నన్ను వెంట తీసుకెళ్ళాడు. కూర్చుని ఊరికే ఉండలేను కనుక రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ళు చూస్తున్నాను. మూడు కిలోమీటర్లు పోయాం, మీటరు రెండే తిరిగింది. ఇంకో మూడు చూశాను, మళ్ళీ రెండే. అప్పుడు అర్థమైంది. స్కూటరుకు చిన్న చక్రం, అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది. మాది పెద్ద చక్రం, తక్కువ తిరుగుతుంది. మీటరుకు ఆ సంగతి తెలియదు. అది రెండు అంటే మూడు, ముప్పై అంటే నలభై ఐదు.

చెప్పగానే బావ బండి పక్కకు ఆపేశాడు. ముందు నవ్వాడు. తర్వాత ముఖం వాడిపోయింది.

“మీ అక్కకు చెప్పకురా. బండి పోతే సేటు పని పోతది. ఇగ మన ఊరికి పోవాలె.”

నేను సరే అన్నాను. ఆయన మాత్రం తిరుగు దారంతా ముల్లు ఇరవై దాటనివ్వలేదు. ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చున్నాక, అక్క రొట్టె వేయబోతుంటే ఆమె చెయ్యి పట్టుకుని అంతా తానే చెప్పేశాడు.

అక్క రొట్టె కంచంలో వేసింది. “ఇది చెప్పనీకి మీకు రాళ్ళు కావాల్సొచ్చెనా? బస్సును ఎన్కకేసి పోతుంటే నాకు ఎర్క కాదా?”

“మరి ఒక్క మాటన్నా అనకపోతివి?”

“ఏమనాలె? నడిస్తే నీ భుజం ఒక దిక్కు ఒరుగుతది. బండి మీద రెండూ సమంగ ఉంటయి. నీకు కనబడది. ఎన్క కూసునేది నేను.”

అక్క లేచి అద్దానికి అంటించిన బొట్టుబిళ్ళ ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. “పో తమ్మీ, ఇరవై మీద అతికించి రా. ఇగ అది దాటొద్దు.”

ఆ బండి ఏడేళ్ళు నడిచింది. సేటు బావను వదల్లేదు, మేము బొంబాయి వదల్లేదు. చివరికి ఇంజన్ అరిగిపోతే మళ్ళీ చాచాకే ఇచ్చేశాం. చాచా మీటరు చూసి, “బస్, ఇంతేనా తిరిగింది?” అన్నాడు. అక్కకు కోపం వచ్చింది. “దానికేం తెలుసు? మా తమ్ముణ్ణి అడుగు” అంది. నేను అక్కడే లెక్క కట్టాను. బిగించిన రోజు మీటరు నాలుగు వేల మూడు వందల పది. విప్పిన రోజు నలభై ఐదు వేల తొమ్మిది వందల పద్దెనిమిది. తేడా నలభై ఒక్క వేల ఆరు వందల ఎనిమిది. దానికి సగం, రెండు చూపితే ఒకటి చొప్పున, మీటరు ఎక్కించుకోకుండా మింగేసింది.

ఇప్పుడు బావకు ఎడమ మోకాలు కూడా సరిగా వంగదు. గుమ్మంలో కుర్చీ వేసుకుని, తన తిరుగుడంతా అయిపోయిందని అప్పుడప్పుడు గొణుగుతాడు. అక్క లోపలి నుంచే కేకేస్తుంది.

“ఏడ అయింది? మీటరు నీకింక బాకీ ఉన్నది. ఎన్ని కిలోమీటర్లురా తమ్మీ?”

“ఇరవై వేల ఎనిమిది వందల నాలుగు.”