కూర పంచినవాడి గిన్నె

నిన్న మా అమ్మాయి కడప నుంచి ఫోన్ చేసింది. గ్రూప్స్ పరీక్షకు చదువుతోంది లెండి. న్యాయమంటే ఏమని గ్రీకులు చెప్పినారో ఒక ముక్కలో చెప్పమని వాళ్ల సార్ అడిగినాడంట. నాతో వేళాకోళానికి ఆ ప్రశ్న నామీదికి విసిరింది. పదో తరగతితోనే చదువుకు దండం పెట్టినోణ్ణి నేను! అయినా, "ఎవరికి తగిన పని వాళ్లు చెయ్యడం, ఎవరికి తగింది వాళ్లకు ఇయ్యడం" అన్నాను. "నీకెట్లా తెలుసు నాయనా?" అంది. ఏం చెప్పేది? రియాద్‌లో, మలాజ్ పేటలోని మా గదిలో, ఎసరు మరుగుతుండగా అబ్బిన చదువు అది.

అప్పట్లో ఆ గదిలో ఇద్దరమే. ఆయనది కోనసీమ. ప్రైవేటు కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పి చెప్పి విసిగి, ఇక్కడి ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణంలో చేరినాడు; నా పనీ అక్కడే. అందరికీ మాస్టారే. ఉల్లిపాయలు తరుగుతా గ్రీకుల్ని వాయించేవాడు. బలమున్నోడికి ఏది లాభమో అదే న్యాయమని వాళ్లల్లో ఒకడన్నాడంట. ఆ ముక్క నాకు వెంటనే తలకెక్కింది. "మన కఫీల్ మాట మాదిరే ఉందే మాస్టారూ" అని మా వీసా గుప్పిట్లో పెట్టుకున్న యజమాని మీద పెట్టి అంటే, "ఓరి నీ అసాధ్యం కూలా! అది ఓడిపోయిన వాదనరా" అని గరిటె ఎత్తినాడు. మా గదిలో ఒక కట్టుబాటు కూడా పెట్టినాడు. కూర రెండు గిన్నెల్లోకి పంచేది ఒకడు, ముందు గిన్నె ఎంచుకునేది రెండోవాడు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అని నేను సామెత చెబితే, ఆ సామెతకు విరుగుడే ఇది అనేవాడు. పంచేది ఎప్పుడూ ఆయనే. నేను సిగ్గు లేకుండా కోడి కాలున్న గిన్నే లాక్కునేవాణ్ణి.

అంతలో నితాఖత్ అని సౌదీ సర్కారు కొత్త చట్టం వచ్చి పడింది. దుకాణంలో ఇంతమంది సౌదీలుండాలని, లేకుంటే మా ఇఖామాలు, అంటే ఇక్కడ ఉండే అనుమతి కార్డులు, రెన్యువల్ కావని. పైన తలకింతని లెవీ. ఇద్దరిలో ఒక్కణ్ణే ఉంచుకుంటానన్నాడు కఫీల్. రెండోవాడికి ఫైనల్ ఎగ్జిట్, మూట సర్దుకొని ఇంటికే. ఎవరుండాలో పెద్దవాడివి నువ్వే రాసియ్యమని మాస్టారి చేతికి కాగితమిచ్చినాడు. ఉండాల్సింది ఆయనే. అరబ్బీ రాయగలడు, నాకు పని నేర్పింది కూడా ఆయనే, పైగా ఇంటి దగ్గర కూతురి నర్సింగ్ చదువు సగంలో ఉంది. మీరుండండి మాస్టారూ అని నేననాల. మర్నాడు పొద్దున టీ తాగినంతసేపూ కప్పులోకే చూస్తా కూర్చున్నాను. ఆయన జేబులోంచి పెన్ను తీసి నా పేరు రాసినాడు.

"ఇదేం న్యాయం మాస్టారూ?" అన్నాను.

"న్యాయం కాదురా. గ్రీకులు ఒప్పుకోరు. ఏం చేస్తాం, పంచమన్నది నన్ను కదా!" అని నవ్వినాడు.

సిగ్గుతో చచ్చిపోయినాను గానీ, ఆ కాగితం మాత్రం చించలేదు. ఆయన ఊరికి పోయిన ఏడాది తర్వాత ఒకసారి ఫోన్ కలిసింది. ట్యూషన్లు చెప్పుకుంటున్నానన్నాడు. క్షమించమని అడగబోయి, మీకాడ వానలెట్లున్నాయి అని అడిగినాను. తర్వాత ఆ నంబరు పనిచెయ్యలేదు. గదిలోకి ఎందరో వచ్చినారు, పోయినారు; వాళ్లతో హిందీలో నీళ్ల గురించి, కరెంటు గురించి మాట్లాడినాను. ఆ పొద్దున ఒక్క నిమిషం నోరు మెదపనందుకు, ఇన్నేళ్లుగా మాట్లాడే మనిషి లేకుండా బతుకుతున్నాను.