ఎర్తు తీగ కింద నల్ల రంగు

ఈ ఉదయం పక్కింటివాళ్ళు గేటుకి నల్ల రంగు వేయిస్తుంటే, ఆ వాసన నన్ను ఉద్దానంలో మా జీడితోట పాక కిందికి, అక్కడ ఆగిపోయిన నాన్న తెల్ల అంబాసిడర్ దగ్గరికి లాక్కుపోయింది.

నాన్న దాన్ని అద్దెకి తిప్పేవాడు. మా చుట్టుపక్కల కిడ్నీలు పాడైనవాళ్ళని విశాఖ తీసుకెళ్ళి తీసుకొచ్చేవాడు. ఊరి రోగాన్ని మోసినవాడిని రోగం వదిలేస్తుందా? ఓ ఏడు ఆయన కాళ్ళే వాచాయి, కారు పాకలో ఆగిపోయింది. వేసవిలో మేం పనసతొనలు, కాల్చిన జీడిపిక్కలు ఒళ్ళో పోసుకుని, మూతులు నల్లగా చేసుకుని, ఆ సీట్లలో కూర్చుని సుమ్మాదేవి, పలాస, టెక్కలి అని అరుస్తూ బస్సాట ఆడేవాళ్ళం. మా వైపు ఉప్పుగాలికి గోడమేకు కూడా మిగలదు, అందుకే వానలకి ముందు ఇనుమన్నదానికల్లా రంగు పూయడం అలవాటు. ఊరికే కూర్చోలేని నాన్న కారు తీగలన్నీ విప్పి, బానెట్ లోపలంతా నల్ల రంగు పూసి, మళ్ళీ బిగించాడు.

వానాకాలంలో ఒక పొద్దున ఆయనకి ఊపిరి అందలేదు. ఇలా అయితే వెంటనే రక్తం శుద్ధి చేయించాలని, విశాఖ తీసుకుపొమ్మని పలాస డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. ఊళ్ళో ఉన్న ఇంకో కారు పెళ్ళివారితో వెళ్ళిపోయింది. మా మావయ్య, అంటే అమ్మ అన్నయ్య, తాళం తిప్పితే స్టార్టరు ముసలి ఎద్దులా మూలిగి ఆగిపోయింది. ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి బిగించినా అదే మూలుగు. తీగల కొసలకి పట్టిన తెల్లపొడిని వేడినీళ్ళతో కడిగినా అంతే. తోద్దామంటే చక్రాలు ఇసకలో కూరుకుపోయాయి. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిపోయింది.

ఆ మూలుగు వింటూ మంచం మీదున్న నాన్న చెయ్యెత్తాడు.

"బేటరీ కాదు బావా. ఎర్తు తీగ బాడీకి బిగించిన కాడ సూడు. దాని కింద కూడా నానే రంగేసినాను."

మావయ్య ఆ తీగ విప్పి, కరెంటుకి అడ్డుపడుతున్న ఆ రంగుని ఇనుము తెల్లగా మెరిసేదాకా కొబ్బరికత్తితో గీకి బిగించాడు. ఈసారి తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. పెద్దవాళ్ళు వెనకనుంచి నెడితే చక్రాలు ఇసకలోంచి పైకొచ్చాయి, పిల్లలం చప్పట్లు కొట్టాం. నాన్నని ముందు సీట్లో కూర్చోబెడుతుంటే ఆయన ధ్యాసంతా ఆ గీకిన చోటు మీదే.

"తిరిగొచ్చినాక తీగ సుట్టూ రంగెయ్యాల. నేకపోతే తుప్పట్టేత్తాది."

ఆ సాయంత్రం అదే కారులో, వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకొచ్చారు. మొహం మీద దుప్పటి ఉంది.

ఇప్పుడు పలాసలోనే రక్తం శుద్ధి చేస్తున్నారు, ఫోన్ చేస్తే బండి గుమ్మంలోకి వస్తుంది. జీడితోట తుపానుకి పోయింది. పాత ఇనుం వాళ్ళు కారుని తీసుకెళ్ళే రోజున బానెట్ ఎత్తి చూశాను. నాన్న రంగు వేసినంత మేరా ఇంకా నల్లగా, గట్టిగా ఉంది. గీకిన చోట వేలు పెడితే ఇనుము పొడిగా రాలిపోయింది. ఇన్నేళ్ళలో అక్కడ రంగు వెయ్యడానికి మా ఇంట్లో ఎవరికీ చెయ్యి రాలేదు.