కుడిపక్క సీట్ల స్టీరింగ్ లేదు

అశోక్‌నగర్ హాస్టల్ల నా రూమ్మేట్‌ది అచ్చంపేట దగ్గర పల్లె. ఇద్దరం గ్రూప్స్‌కు చదువుతున్నం. జర ఖాళీ దొరికితే నేను పండుకుంటుంటి. రూమ్మేట్ మాత్రం ఫోన్ల పెద్ద పెద్ద ఎస్‌యూవీలు చూస్తుండె, అదీ దేశం మార్చి మార్చి. "ఇది జర్మనీల ఉన్నది, మన దగ్గర లేదు. ఈ ఏడు సీట్లది దుబాయ్‌ల అమ్ముతరు, ఇక్కడ అమ్మరు. ఇదేం న్యాయమే?" అని నన్ను లేపి మరీ అడుగుతుండె. మా ఇంట్ల స్కూటీ కూడ లేదు, నేనేం చెప్పాలె!

ఒక సాయంత్రం చిక్కడపల్లిల మిర్చీ బజ్జీలు కట్టించుకొని వస్తుంటే రూమ్మేట్ నా చెయ్యి గుంజింది. "అగో! దుబాయ్ బండి!"

రోడ్డు పక్కన నల్లటి బండి, మా గదంత ఉన్నది. నంబర్ ప్లేటు మీద అరబీ అక్షరాలు. స్టీరింగ్ ఎడమపక్క ఉన్నది. ఆ స్టీరింగ్ ముందర యాభై ఏండ్ల మేడం ఒక్కతే కూసొని, ఫోన్ల దారి చూసుకుంట పరేషాన్ అయితున్నది. రూమ్మేట్ పోయి అద్దం కొట్టింది.

"మేడం, ఇది ఏడు సీట్లదే కదా?"

మేడం నవ్వింది. దుబాయ్‌ల ఉంటదట. బండిని ఓడల తెచ్చుకొని దేశమంత తిరుగుతున్నదట, మళ్ల వాపస్ తీస్కపోవాలట. "అడిక్‌మెట్‌ల మా చెల్లె ఇల్లు. ఈ ఫోన్ సందులల్ల పొమ్మంటున్నది. ఇంత బండి పడుతదా?"

"మీరు నడపుండ్రి, నేను దారి చూపిస్త" అని రూమ్మేట్ ముందర ఎక్కింది. నేను ఎనుక ఎక్కిన.

అసలు తమాషా అప్పుడు మొదలైంది. మన దగ్గర డ్రైవర్ కూసునే కుడిపక్కన రూమ్మేట్ కూసున్నది, రెండు చేతులల్ల మిర్చీలు. ఒక ఆటో అన్న పక్కకొచ్చి, "ఓ చెల్లె! స్టీరింగ్ పట్టుకోవమ్మా!" అని మొత్తుకున్నడు.

"అవసరం లేదన్నా, అదే పోతది" అన్నది మిర్చి కొరుక్కుంట.

రాంనగర్ల ట్రాఫిక్ పోలీసాయన విజిల్ ఊది ఆపిండు. సక్కగ రూమ్మేట్ కాడికే వచ్చిండు.

"లైసెన్స్ ఏది?"

"నాకు లేదు సార్."

"లేకుంటనే నడుపుతున్నవా?"

"నేను నడుపుతలేను సార్."

ఆయన వంగి లోపలికి చూసిండు. స్టీరింగ్ ఉండాల్సిన కాడ మిర్చీ పొట్లం. అటుపక్క నుంచి మేడం చెయ్యి ఊపింది. ఆయనకు మొదలు కోపమొచ్చింది, తర్వాత నవ్వు ఆగలే. కాయితాలన్ని చూసి, "ఇసొంటిది ఇక్కడెందుకు దొరకదమ్మా?" అన్నడు. ఇగ రూమ్మేట్ మొదలుపెట్టింది. కుడి స్టీరింగ్ దేశాలేవి, ఎడమవి ఏవి, కొనేటోళ్లు తక్కువుంటే కంపెనీ కుడి స్టీరింగ్‌ది ఎందుకు చెయ్యదు... ఎనుక హారన్లు మోగుతున్నా ఆపలే. నేను కడుపు పట్టుకొని నవ్విన.

ఇల్లు దొరికినంక మేడం ఇంజిన్ బంద్ చేసి, రూమ్మేట్‌ను తన సీట్ల కూసోవెట్టింది. పిల్ల స్టీరింగ్ రెండు చేతులతోని పట్టుకొని, నిజంగ నడుపుతున్నట్టు అటిటు కదిలిచ్చింది. నవ్వుతనే ఉన్నది గని కండ్లల్ల నీళ్లొచ్చినయి. ఆఖరికి గట్టిగ హారన్ కొట్టింది. గల్లీల కుక్కలన్ని ఒక్కసారే మొరిగినయి.

బాల్కనీల నుంచి చెల్లె వంగి, "ఎవరక్కా ఆ పిల్ల?" అంటే, "నా డ్రైవర్" అన్నది మేడం.

హాస్టల్ దాక నవ్వుకుంటనే నడిచినం. దారిల ఎవరన్న చూస్తే ఇంకా ఎక్కువ నవ్వొచ్చింది.