రెండు సాయంత్రాల లెక్క

సోమవారం నుంచి మా భిలాయి స్కూల్లో కొత్త క్లాసు మొదలవుతోంది. మూడో తరగతి లెక్కలన్నీ అప్పుడే వచ్చేసిన పిల్లలకి ఐదో తరగతివి నేను చెప్పాలి. ఆదివారం తప్ప రోజూ నాలుగు నుంచి ఆరు దాకా. ఎవరిని తీసుకోవాలో తేల్చడానికి ఈ రోజు సైక్లోస్టైల్ కాగితాలు పంచాను. చివరి ప్రశ్న: మీరే ఒక లెక్క తయారుచేసి, జవాబు రాయండి.

అందరూ మామిడిపళ్ల మీదా, రైళ్ల మీదా రాశారు. ప్లాంటులో పనిచేసే అప్పలనాయుడు గారి అమ్మాయి గౌరి మాత్రం హిందీలో ఇలా రాసింది:

"మా నాన్నకి ఒక వారం పొద్దుటి షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం షిఫ్టు, ఒక వారం రాత్రి షిఫ్టు. మధ్యాహ్నం షిఫ్టు వారంలో సాయంత్రాలు ఇంట్లో ఉండరు. కొత్త క్లాసు అయ్యేసరికి చీకటి పడిపోతుంది. నాకు సైకిల్ నేర్పడానికి మూడు వారాల్లో నాన్నకి ఎన్ని సాయంత్రాలు మిగులుతాయి?"

జవాబు: రెండు ఆదివారాలు. ఇప్పుడైతే పద్నాలుగు సాయంత్రాలు.

"మీ నాన్నకి చెప్పేవా?" అని తెలుగులో అడిగాను.

"లేదు మేడమ్. ఈ క్లాసు ఫారం మీద సంతకం పెట్టి ఎంత ఖుష్ అయిపోయేరో. ఎలాగ చెప్పమంటారు?"

తప్పు దొరుకుతుందేమోనని ఆ లెక్క రెండుసార్లు వేసి చూశాను. దొరికుంటే, ఈ పిల్లకి ఇంకా రాలేదని చెప్పి జాబితాలోంచి పేరు తీసేసేదాన్ని. దొరకలేదు. టిక్కు పెట్టాను. ఇప్పుడు జాబితాలో మొదటి పేరు గౌరిదే.

మీకేమైనా తప్పు కనిపిస్తే సోమవారం లోపు చెప్పండి.