మా బాబాయి యాంటెన్నా దించిన రోజు

నా చిన్నప్పుడు మా ఊరికి ఫోను లేదు. పినపాక దాటి అడవిలోకి మళ్ళే మట్టి రోడ్డు చివర ఉండేది మా ఊరు. ఫోను చేయాలంటే పినపాక పోవాలి. వాన పడితే ఆ లైనూ పనిచేసేది కాదు. ఊరంతా విసుక్కునేది గానీ, మా బాబాయికి కావలసింది ఆ నిశ్శబ్దమే.

బాబాయి మణుగూరులో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాడు. తాను చదువుకున్న యూనివర్సిటీ వాళ్ళు ఆయనకు ఒక రేడియో పెట్టె, యాంటెన్నా, పాత కంప్యూటరు ఇచ్చారు. సూర్యుడి నుంచి వెలుగొక్కటే కాదు, రేడియో అలలు కూడా వస్తాయట. అక్కడ పేలుడు లాంటిదేదైనా జరిగితే అవి ఒక్కసారిగా పెరుగుతాయి. దాన్ని కనిపెట్టడానికి అలాంటి పెట్టెలే ఎన్నో దేశాల్లో పెట్టారు. మాకు పొద్దు గూకితే, పగలున్న ఇంకో దేశంలోని పెట్టె వింటుంది. చుట్టుపక్కల సెల్ టవర్ల రేడియో రొద లేదు కాబట్టి మా ఇంటి వెనక గుట్ట చేను వాళ్ళకు నచ్చింది. అక్కడే రేకుల గది వేసి కంప్యూటరు పెట్టారు.

బాబాయి భార్య, మా చిన్నమ్మకు ఇదంతా నవ్వులాటగా ఉండేది. “సూర్యునికి గింత కావలి ఎందుకు? యాడికన్న ఉరికిపోతడా ఏంది?” అనేది. కానీ బాబాయి కాలేజీకి పోతే ఆ గదిని చూసుకునేది ఆమే. “పో బిడ్డా, సూర్యునికి జరమొచ్చిందేమో చూసి రా” అని నన్ను పంపేది. ఆ ఏళ్ళలో సూర్యుడు దాదాపు నిద్రలోనే ఉన్నాడు. తెర ఎప్పుడూ నీలంగా, ఖాళీగా ఉండేది. ఒక సెలవు రోజు పొద్దున మాత్రం ఆ నీలం మీద పసుపు చారలు పడ్డాయి, సూర్యుడి మీద ఏదో పేలిందన్నమాట. చూసింది చిన్నమ్మే. గడ్డి మోపు అక్కడే పడేసి ఇంటికి పరుగెత్తుకొచ్చి, బాబాయిని చెయ్యి పట్టి లాక్కెళ్ళింది. ఇద్దరూ తెర ముందు చిన్నపిల్లల్లా నవ్వుకోవడం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది.

ఆ వానాకాలం చిన్నమ్మకు నెలలు నిండుతున్నాయి. రికార్డయినదంతా సీడీల్లోకి ఎక్కించి, ఇంటర్నెట్ సెంటరు నుంచి పంపడానికి బాబాయి భద్రాచలం వెళ్ళాడు. మధ్యాహ్నం చిన్నమ్మ వంటింట్లో పడిపోయింది. కాళ్ళూ చేతులూ కొట్టుకోసాగాయి. మా నాన్న వానలోనే సైకిలు తొక్కుకుంటూ పినపాక వెళ్ళాడు. లైను పోయి ఉంది. జీపు కోసం తిరిగి తిరిగి, దొరికిన జీపుతో ఆయన వచ్చేసరికి సాయంత్రమైంది. అంతసేపూ చిన్నమ్మ తల నా ఒళ్ళోనే ఉంది. నడుమ ఒకసారి కళ్ళు తెరిచి, “మీ బాబాయి వచ్చిండా?” అని అడిగింది. “వస్తుండు చిన్నమ్మా” అన్నాను.

జీపు వాగు దాటకముందే ఆమె పోయింది. కడుపులో బిడ్డా దక్కలేదు.

బాబాయి ఆఖరి బస్సుకు దిగాడు. వాకిట్లో జనాన్ని చూసి “ఏంది, ఏమైంది?” అని అడుగుతూనే ఉన్నాడు.

“ఆ కడ్డీలు పీకి గోదార్ల పారెయ్” అని నాయనమ్మ ఏడ్చింది. ఆయన పీకలేదు. కర్మకాండలయ్యాక మళ్ళీ వెళ్ళి కంప్యూటరు ఆన్ చేశాడు. చిన్నమ్మ తిరిగిన చోటు కదా, వదల్లేకపోయాడనుకుంటాను.

ఎండాకాలంలో సెల్ టవరు వాళ్ళు వచ్చారు. వాళ్ళకు ఊళ్ళో ఎత్తయిన చోటు కావాలి. అది మా గుట్ట చేనే. టవరు లేస్తే ఆ రొదలో సూర్యుడి అలలు కలిసిపోతాయి, పెట్టె ఉండీ లాభం లేదు. మా నాన్న నిర్ణయం తమ్ముడికే వదిలేశాడు. బాబాయి ఒప్పుకున్నాడు.

యాంటెన్నా దించిన రోజు గొట్టం నేను పట్టుకున్నాను, ఆయన నట్లు విప్పుతున్నాడు. నాకు దుఃఖం ఆగలేదు. “ఇప్పుడు ఫోనొస్తే ఏం లాభం బాబాయ్? చిన్నమ్మ రాదు గదా” అన్నాను.

ఆయన రెంచి కింద పెట్టి, ఆ మట్టిలోనే కూర్చున్నాడు. “అవ్ బిడ్డా, రాదు” అన్నాడు. “సూర్యుణ్ణి వినేటోళ్ళు దేశదేశాల ఉన్నరు. నేనొక్కణ్ణి వినకుంటే ఏం కాదు. మన ఊరి కేక వినేటోళ్ళే ఎవ్వరు లేరు” అన్నాడు. లేచి మిగతా నట్లు విప్పాడు.

టవరు లేచాక వచ్చిన వానాకాలంలో పక్క గూడెంలో ఒకామెకు నొప్పులొచ్చాయి. మా ఇంట్లోంచే ఫోను చేశారు. వాగు దాకా ఆమెను మంచం మీద మోసినవాళ్ళలో బాబాయి ఒకడు. అంబులెన్సు అవతలి ఒడ్డున నిలబడి ఉంది. సాయంత్రం దవాఖానా నుంచి ఫోను వచ్చింది, తల్లీ పిల్లా క్షేమమని. బాబాయి విని, ఫోను నా చేతికిచ్చి, ఒక్కడే గుట్ట వైపు వెళ్ళిపోయాడు. ఆ రోజు అన్నం తినలేదు.

ఇప్పుడు నాకూ పిల్లలున్నారు. ఫోను మోగితే నేను ఎత్తకుండా ఉండలేను. తెలియని నంబరైనా, తినే ముద్ద వదిలేసి లేస్తాను. ఎవరో ఏదో అమ్మడానికి చేసి ఉంటారని పిల్లలు విసుక్కుంటారు. చాలాసార్లు అదే నిజం. అయినా అవతలి గొంతు వినేదాకా నా మనసు కుదుటపడదు. తనకు దక్కని మేలు ఇంకొకరికి దక్కనివ్వడానికి ఎంత గుండె కావాలో ఆ గుట్ట మీద చూశాను. అంత గుండె నాకుందో లేదో తెలియదు. ఫోను మాత్రం ఎత్తుతాను.