అష్టమినాడు చూపించే స్థలాలు

అప్పలకొండకు చదువు రాదు గానీ తిథులు మాత్రం నోటికి వచ్చు. సిక్కోలు తీరం నుంచి తండ్రి చెయ్యి పట్టుకుని ఈ దీవుల్లో ఓడ దిగిన దగ్గర్నుంచీ సముద్రాన్నే నమ్ముకున్నవాడు. అష్టమి నవముల్లో పోటు బద్ధకంగా వచ్చి ఒడ్డు ఎక్కకుండానే మళ్లిపోతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ మీదికి ఎగబడుతుంది. బాంబూఫ్లాట్‌లో కుర్రకారంతా అతన్ని అడిగాకే పడవలు తీసేవారు. మోకాలు పట్టేశాక వల మానేసి, మడ అడవి నరికి మట్టి పోస్తున్న కొత్త కాలనీకి కాపలాదారుగా చేరాడు.

కాలనీ బొమ్మ చూస్తే ఎవరికైనా ఆశ పుట్టాల్సిందే. నలభై అడుగుల రోడ్లు, పిల్లల పార్కు, ఉయ్యాలలు, పక్కనే బడి. ఆ స్థలాలు అమ్మే బంగారురాజు మొదట్లోనే అప్పలకొండను పిలిచాడు.

“భయ్యా, మట్టి లారీలు దిగబడకూడదు. నీళ్లు తక్కువుండే రోజులేవో చెప్పు.”

అంత పెద్దమనిషి తనని అడిగాడన్న సంబరంతో అప్పలకొండ ఏడాది తిథులన్నీ అప్పజెప్పాడు. రాజు క్యాలెండరు మీద సున్నాలు చుట్టుకున్నాడు.

లారీలు ఏ రోజు పడితే ఆ రోజే వచ్చాయి. సున్నా చుట్టిన రోజుల్లో వచ్చింది స్థలాలు చూసుకునే కుటుంబాలు, పెళ్లాం పిల్లలతో, పడవలో. అప్పుడు వెలిగింది అప్పలకొండకు. నీళ్లు కనబడని రోజుల్లోనే స్థలాలు చూపిస్తున్నాడు. నోరు విప్పేలోగా రాజే అన్నాడు: “మూలనున్న మెరక స్థలం మీ సీతాలుకే భయ్యా. హోలీ వెళ్లాక కాగితం రాయిస్తా. ఫికర్ మత్ కరో.”

మొగుడు పోయి, ఇద్దరు పిల్లలతో తండ్రి పాకలో తల దాచుకున్న కూతురు సీతాలు. అప్పలకొండ వెళ్లి, స్థలాలు చూసేవాళ్ల పడవకు తాడు కట్టాడు.

ఒక అష్టమినాడు శాంతకుమారి టీచరు వచ్చింది. పాతికేళ్లుగా అతని చేపలే కొన్న మనిషి, మోకాలు వాచినప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్లిన మనిషి. భర్త రిటైరవుతున్నాడు, సర్కారు క్వార్టరు ఖాళీ చేయాలి. పార్కు ఎదురుగా, అన్నిటికంటే పల్లంలో ఉన్న వరసే ఆవిడకు నచ్చింది.

“బాబాయ్, నువ్వు ఇక్కడే ఉంటావు కదా. నీళ్లొస్తాయా?”

దూరంగా సీతాలు తన మూల స్థలాన్ని అడుగులతో కొలుచుకుంటోంది.

“అమాసనాడోసారొచ్చి సూసుకోండి టీచరమ్మా,” అని గొణిగాడు.

ఆవిడ నవ్వేసింది. “అష్టమినాడు స్థలం చూస్తున్నానంటేనే మా అత్తగారు గోల పెట్టారు. అమావాస్య కూడానా!”

ఇంకొక్క మాట అనాల్సింది. చెప్పానుగా అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. అంత చవకబారు సర్దుబాటు ఇంకోటి ఉండదు.

ఇల్లు లేచింది. పౌర్ణమి దాటిన ప్రతిసారీ పునాది మీద తడి చార కనబడేది. రాజు చెప్పినట్టు అప్పలకొండ దాని మీద సున్నం కొట్టేవాడు. మర్నాడు ఆ సున్నం మీద పీతలు పాకేవి.

మాఘం చివర్లో టీచరు శుభలేఖ తెచ్చింది.

“మొదటిది నీకే బాబాయ్. ఫాల్గుణ పౌర్ణమి, పొద్దున్న పదీ పదికి ప్రవేశం.”

ఏడాదిలోకెల్లా పెద్ద పోటు ఆ పౌర్ణమిదే. నీరు నిండేదీ ఆ పదింటికే. అప్పలకొండ చేతులు లుంగీకి తుడుచుకుని శుభలేఖ అందుకున్నాడు.

“ఒస్తానమ్మా,” అన్నాడు.

ఆ రోజు ఇల్లంతా పట్టుచీరలు, పసుపు గడపలు. పొయ్యి మీద పాలు ఇంకా కాగలేదు. ముందు వంటింటి తూములోంచి మురుగు నల్లగా ఉబికింది. ఆ వెనకే పార్కు మీదుగా, ఉయ్యాలల కిందుగా నీళ్లు వచ్చేశాయి. ముసలి అత్తగార్ని బల్ల ఎక్కించారు. పిల్లలు కెవ్వుమన్నారు. రాజు జాడే లేదు.

“బాబాయ్!” అంటూ సాయానికి గుమ్మం వైపు తిరిగింది శాంతకుమారి.

అప్పలకొండ అక్కడే ఉన్నాడు. భుజాన పడవ తాడు. కాళ్లకు చెప్పుల్లేవు, పొద్దున్నే తీసి రాళ్ల గుట్ట మీద దాచి వచ్చాడు. లుంగీ మోకాళ్ల పైకి ఎగగట్టి, గట్టిగా ముడి వేసి ఉంది. మిగతా అందరూ పెళ్లికి వచ్చినట్టు వచ్చారు.

ఆవిడ ఆ ముడి వైపు చూసింది. తర్వాత అతని మొహం చూసింది.

“నీకు తెలుసు,” అంది.

అప్పలకొండ లుంగీ కిందికి దించుకోబోయాడు. నీళ్లు అప్పటికే మోకాళ్లు దాటాయి.